ఇంగ్లీషు జాతీయాలు – తెలుగు నుడికారం

ఒక ఇంగ్లీషు కథలో "ది ఓల్డ్ ఫార్మర్ కిక్డ్ ద బకెట్" అనే వాక్యం వచ్చిందనుకుందాం. ఇందులోని ప్రతి పదమూ విద్యార్థికి పాఠశాల నాటి నుంచి పరిచయమైనదే. వాటిని వరుసగా తెలుగు చేసి "ముసలి రైతు బకెట్టును తన్నాడు" అని రాస్తే అందులో వ్యాకరణ దోషం ఒక్కటీ కనిపించదు. అయినా అనువాదం పూర్తిగా తప్పింది. ముసలి రైతు మరణించాడని ఆ వాక్యానికి అర్థం. పదాలన్నీ తెలిసి కూడా వాక్యం తెలియకపోవడానికి కారణమైన ఇటువంటి పదబంధాన్ని జాతీయం అంటారు.

విడివిడి పదాల అర్థాలను కూడితే రాని అర్థం, ఒక జాతి ప్రజల చిరకాల వాడుక వల్ల ఒక పదబంధానికి సంక్రమిస్తే అది జాతీయం అవుతుంది. నుడికారం, పలుకుబడి అనే మాటలను కూడా దీనికి దగ్గరి అర్థంలో వాడుతుంటారు. సామెత వేరు. సామెత ఒక లోకానుభవాన్ని నిండు వాక్యంగా చెబుతుంది. జాతీయం వాక్యంలో ఒక భాగంగా ఒదిగి ఉంటుంది. "చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు" అనేది సామెత. "చేతులెత్తేయు" అనేది జాతీయం. ఈ రెండింటి నడుమ సరిహద్దు గీత సన్ననిది. దానిని గూర్చి ఇక్కడ ఎక్కువగా చర్చించవలసిన పని లేదు.

పదం తన సొంత అర్థాన్ని విడిచి మరొక అర్థాన్ని ఎట్లా ఇస్తుందనే ప్రశ్న మన ఆలంకారికులకు కొత్త కాదు. వారు పదానికి గల శక్తులను అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు విధాలుగా విభజించారు. పదం తన నేరు అర్థాన్ని చెప్పడం అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు దానితో సంబంధం గల మరొక అర్థాన్ని చెప్పడం లక్షణ. దీనికి అలంకార శాస్త్ర గ్రంథాలన్నింటిలో కనిపించే ఉదాహరణ "గంగాయాం ఘోషః" – గంగలో గొల్లపల్లె. నీటి ప్రవాహంలో పల్లె ఉండదు కనుక గంగ అనే పదానికి గంగాతీరమని అర్థం చెప్పుకోవాలి. ధర్మపురి వాసులకు ఈ ఉదాహరణ సులభంగా బోధపడుతుంది. "మా ఊరు గోదావరి మీద ఉంది" అని వారు అన్నప్పుడు ఊరు నీటి మీద తేలుతున్నదని ఎవరూ అనుకోరు.

లక్షణలో మళ్ళీ రెండు రకాలున్నాయి. వక్త ఒక ప్రయోజనాన్ని ఉద్దేశించి చేసేది ప్రయోజన లక్షణ. వాడుక వల్ల స్థిరపడిపోయినది రూఢి లక్షణ. కావ్యప్రకాశకారుడు మమ్మటుడు రూఢికి "కుశలుడు" అనే పదాన్ని ఉదాహరించాడు. దర్భలను కోసి తెచ్చేవాడు అన్నది దాని మూలార్థమట. వేలు తెగకుండా దర్భ కోయడానికి నేర్పు కావాలి కాబట్టి, క్రమంగా నేర్పరి అన్న అర్థం నిలిచిపోయింది. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు దీనిని ఒప్పుకోలేదు. నేర్పరి అన్నదే ఆ పదానికి ఇప్పుడు ముఖ్యార్థం అయినప్పుడు, వ్యుత్పత్తిని తవ్వి లక్షణ అనడం ఎందుకని ఆయన వాదం. జాతీయాల విషయంలో ఇద్దరి మాటా నిజమే. జాతీయం పుట్టినప్పుడు ఒక చిత్రం. వాడగా వాడగా చిత్రం చెరిగి అర్థం మిగులుతుంది. మాట్లాడేవాడికి ఆ చిత్రం గుర్తుండదు; అనువదించేవాడికి మాత్రం అదే అడ్డు తగులుతుంది.

ఆ చిత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ భాష మాట్లాడేవారి నేల నుంచి, వాతావరణం నుంచి, వృత్తుల నుంచి వస్తుంది. ఇంగ్లీషులో కొత్తవారి మధ్య బిడియం పోగొట్టి సంభాషణ ప్రారంభించడాన్ని "బ్రేక్ ది ఐస్" అంటారు. మంచు పగలగొట్టడమని మాటకు మాట అర్థం. చలికాలంలో నదులు గడ్డకట్టే దేశాలలో, దారి చేసుకొంటూ పడవ పోవాలంటే ముందు మంచును పగలగొట్టాలి. మన గోదావరి ఏనాడూ గడ్డకట్టదు. అందువల్ల "అతడు వారి మధ్య మంచు పగలగొట్టాడు" అని రాస్తే తెలుగు పాఠకుడికి అది ఏదో దుర్ఘటనలాగా తోస్తుంది. మనకు "మాట కలుపు" అనే చక్కని జాతీయం ఉండనే ఉంది.

"వార్మ్ వెల్‌కమ్" అనే ప్రయోగాన్ని చూడండి. చలి దేశాలలో వెచ్చదనం సుఖం. కనుక ఇంగ్లీషులో ప్రేమ వెచ్చనిది, నిరాదరణ చల్లనిది. మనకు ఇది తలకిందులు. మే నెలలో ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటే రోజులను చూసే రామగుండం, మంచిర్యాల, జగిత్యాల ప్రాంతాల వారికి చల్లదనమే సుఖం. అందుకే మనకు చల్లని మాట, చల్లని చూపు, చల్లని తల్లి. "నీ కడుపు సల్లగుండ" అని ఈ ప్రాంతపు పెద్దలు దీవిస్తారు. వెచ్చని స్వాగతమంటే మన చెవికి వడగాడ్పుతో ఎదురువచ్చినట్లుంటుంది. "సాదర స్వాగతం" అనే మాట తెలుగులో ఏనాటి నుంచో ఉండగా, కొన్ని ఆహ్వాన పత్రికలలో, వార్తలలో "వెచ్చని స్వాగతం" కనిపించడం అనువాదకుని తొందరపాటే.

"వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అనే జాతీయం మరింత ఆసక్తికరమైనది. ఎంతో అరుదుగా అని దీని భావం. చంద్రుడు నీలంగా కనిపించడం బహు అరుదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైన తరువాత ఆ ధూళి వల్ల పలు ప్రదేశాలలో చంద్రుడు నీలంగా కనిపించాడని నమోదైంది. అయితే 20వ శతాబ్దంలో ఈ మాటకు మరొక అర్థం స్థిరపడింది. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు వస్తే, ఆ రెండవ పున్నమి చంద్రుడు బ్లూ మూన్. తెలుగు నెలలో ఇది అసంభవం. మన నెల చంద్రుని నడకను అనుసరించి ఏర్పడినది కాబట్టి నెలకు ఒకే పున్నమి, ఒకే అమావాస్య. మరి ఆ అదనపు పున్నమి మన లెక్కలో ఎక్కడికి పోయింది? పందొమ్మిది సంవత్సరాలకు ఇంగ్లీషు నెలలు 228. ఆ కాలంలో వచ్చే పున్నములు 235. మిగిలిన ఏడు పున్నములు వారికి నీల చంద్రులైతే, మనకు ఆ పందొమ్మిదేండ్లలో ఏడు అధిక మాసాలుగా వచ్చాయి. ఆకాశం ఒకటే, లెక్క ఒకటే; దానిని పట్టుకొన్న మాటలు వేరు. ఇంగ్లీషు జాతీయానికి తెలుగు చెప్పవలసి వస్తే "అమావాస్యకో పున్నమికో" అనవచ్చు. "అమాసకో పున్నానికో ఒకపారి వస్తడు" అని మన పల్లెలలో అనేది ఇదే. కాని ఇందులో ఒక చిన్న భేదం ఉంది. మన మాట పదిహేను రోజులకొకసారి వచ్చేదానినే అరుదు అంటున్నది. ఇంగ్లీషు మాటలోని అరుదుతనం అంతకంటె పెద్దది. ఆ తూకం నిలవాలంటే "పుష్కరానికి ఒకసారి" అనడం మేలు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. అది పన్నెండేండ్లకు ఒకసారి. 2003లోను 2015లోను పుష్కర స్నానాలకు ధర్మపురి రేవులలో దిగినవారికి ఆ పన్నెండేండ్ల ఎడం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

నది ప్రస్తావన వచ్చింది కనుక నదీతీరంలో పుట్టిన తెలుగు జాతీయాలను కొంత వివరంగా పరిశీలిద్దాం. పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 నుంచి జగిత్యాల జిల్లాలో భాగమైన ధర్మపురి వద్ద గోదావరి దక్షిణవాహిని. వంతెనలు లేని కాలంలో నది దాటాలంటే తెప్పలు, పుట్టులే ఆధారం. పుట్టి అంటే గుండ్రని బుట్ట పడవ. అది మునిగితే మనిషీ సొమ్మూ రెండూ పోతాయి. అందుకే సర్వనాశనమైతే "పుట్టి మునిగింది" అన్నారు. వరద ఊరి మీదకు వస్తే "కొంప మునిగింది." నమ్మించి మధ్యలో విడిచిపెడితే "నట్టేట ముంచాడు." కష్టం నుంచి బయటపడితే "గట్టెక్కాడు." లోకానికి విరుద్ధంగా సాహసిస్తే "ఏటికి ఎదురీదుతున్నాడు." నదీతీరపు కర్మకాండ నుంచి కూడా జాతీయాలు పుట్టాయి. దానమిచ్చేటప్పుడు చేతిలో నీరు పోయడం ఆచారం. దాని నుంచి "ధారపోయు" వచ్చింది. తన జీవితాన్ని ధారపోశాడంటే సర్వమూ ఇచ్చివేశాడని అర్థం. పితృదేవతలకు నువ్వులు, నీళ్ళు విడవడం తిలోదకం. ఒక విషయంపై ఆశ పూర్తిగా వదలుకొంటే "తిలోదకాలిచ్చాడు" అంటాం. ధర్మపురి రేవులో నిత్యం జరిగే ఈ క్రియను చూసిన విద్యార్థికి ఆ జాతీయంలోని బరువు తెలుస్తుంది. చూడనివానికి అది నిఘంటువులోని ఒక ఆరోపం మాత్రమే.

ఇక్కడే అనువాదకుడు జాగ్రత్తపడవలసిన చోటు ఒకటి ఉంది. ఇంగ్లీషులో "బర్న్ వన్స్ బోట్స్" అనే జాతీయం ఉంది. తన పడవలను తానే కాల్చుకొనడం. మనకు "ఏరు దాటి తెప్ప తగలేయు" అనే మాట ఉంది. రెండింటిలోను నీరున్నది, దాటడమున్నది, నిప్పు ఉన్నది. చిత్రం ఒకటే కదా అని ఒకదానికి బదులు మరొకటి వాడితే అర్థం ఘోరంగా తారుమారవుతుంది. ఇంగ్లీషు జాతీయం వెనుకకు మళ్ళే ప్రసక్తి లేని తెగింపును చెబుతుంది. 1519లో మెక్సికో తీరంలో దిగిన స్పెయిన్ సేనాని కోర్తెస్ కథను దీనికి దృష్టాంతంగా చెబుతుంటారు. సైనికులు తిరిగి పోవాలన్న ఆలోచన మానుకొనేటట్లు అతడు నావలను పనికిరాకుండా చేయించాడు. కాల్చాడని లోకం చెప్పుకొంటుంది; ముంచివేయించాడనేది చరిత్ర. తెలుగు జాతీయం చెప్పేది తెగింపును కాదు, కృతఘ్నతను. అవసరం తీరగానే సాయపడినవానిని విడిచిపెట్టడం. కోర్తెస్ తెప్ప తగలేశాడంటే అతని వీరత్వం పోయి నీచత్వం మిగులుతుంది. తెలియని జాతీయం కంటె, తెలిసినట్లు కనిపించే జాతీయం ఎక్కువ ప్రమాదకరమని విద్యార్థులు గ్రహించాలి.

కొన్ని ఇంగ్లీషు జాతీయాలలో ఊరి పేర్లు ఉంటాయి. "క్యారీ కోల్స్ టు న్యూకాసిల్" అటువంటిది. ఇంగ్లాండు ఉత్తర భాగంలో టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాసిల్ శతాబ్దాల పాటు బొగ్గు ఎగుమతికి పేరుపొందిన రేవు. అక్కడికే బొగ్గు మోసుకుపోవడం అంటే వృథా శ్రమ. ఈ జాతీయాన్ని ఉత్తర తెలంగాణ విద్యార్థికి వివరించడానికి నిఘంటువుతో పని లేదు. గోదావరిఖనికి బొగ్గు మోసినట్లు అంటే చాలు. ఆ ఊరి పేరులోనే గని ఉంది. అనువాదంలో మాత్రం ఇట్లా ఊరు మార్చడం అన్నిచోట్లా తగదు. ఇంగ్లాండులో జరిగే కథలో పాత్ర గోదావరిఖనిని తలచుకొంటే నవ్వు వస్తుంది. అక్కడ "సముద్రం మీద వాన కురిసినట్లు" అనడం సమంజసం.

అరుదుగా రెండు భాషల జాతీయాలు ఒకే భావంలో కలుసుకొంటాయి. విలువ తెలియనివారికి విలువైనది ఇవ్వడాన్ని ఇంగ్లీషువారు పందుల ముందు ముత్యాలు వేయడంతో పోలుస్తారు. ఇది మత్తయి సువార్త నుంచి వచ్చిన మాట. "గాడిదకేమి తెలుసు గంధపు వాసన" అన్నది మన లోకోక్తి. ధర్మపురి నరసింహస్వామిని సంబోధిస్తూ శేషప్ప కవి రచించిన నరసింహ శతకంలో ఈ భావాన్నే జంతువును, దానికి తగని భూషణాన్ని జతలు జతలుగా కూర్చి చెప్పిన సీసపద్యం ఉంది. శేషప్ప గొప్పతనం ప్రౌఢ సమాసాలలో లేదు. ఇంటింటి మాటను సీసంలో బంధించడంలో ఉంది. ఆ శతకం పద్యాలు చదువు రానివారి నోట కూడా నిలిచాయంటే, కవి వారి నుడికారాన్ని వారికే తిరిగి ఇచ్చినందువల్లనే.

పరభాషా జాతీయం తెలుగులోకి యథాతథంగా రాకూడదని దీని అర్థం కాదు. వచ్చి స్థిరపడినవి కొన్ని ఉన్నాయి. భరించలేని ఖర్చుతో కూడిన పనికిరాని ఆస్తిని ఇంగ్లీషులో "వైట్ ఎలిఫెంట్" అంటారు. సయాము రాజు తనకు నచ్చని సభాసదునికి తెల్ల ఏనుగును కానుకగా ఇచ్చేవాడని, దానిని మేపలేక, పని చేయించలేక ఆ వ్యక్తి దివాలా తీసేవాడని కథ ప్రచారంలో ఉంది. మనకు తెల్ల ఏనుగు అంటే ఇంద్రుని ఐరావతం, పరమ శుభప్రదం. అయినా పత్రికల వాడుక వల్ల "తెల్ల ఏనుగు" తెలుగులో నష్టదాయక సంస్థలకు చెల్లుబాటు అయింది. ఈ వ్యాసకర్త దృష్టిలో "గుదిబండ" దానికంటె బలమైన మాట. పారిపోయే పశువు మెడకు కట్టే మొద్దు అది. కదలనీయని భారం అన్న అర్థం వినగానే తడుతుంది. "ఎర్ర తివాచీ పరచు" కూడా ఇట్లాగే వచ్చి నిలిచింది. రైలుతో వచ్చిన మాటలు మరింత సహజంగా కలిసిపోయాయి. 1929 నాటికి పూర్తయిన కాజీపేట – బల్హార్షా మార్గం పెద్దపల్లి, మంచిర్యాలల మీదుగా ఉత్తర దక్షిణ భారతాలను కలిపింది. గార్డు పచ్చజెండా ఊపడం, బండి పట్టాలు తప్పడం కళ్ళారా చూసిన ప్రజలకు "ప్రభుత్వం పచ్చజెండా ఊపింది", "చర్చలు పట్టాలు తప్పాయి" అనే మాటలు పరాయివిగా తోచలేదు. చిత్రం మన కంటి ముందుకు వస్తే మాట మనదవుతుంది.

ఇక మొదటి ఉదాహరణ సంగతి. ఇంగ్లీషు బకెట్టును తెలుగువారు కూడా తన్నారు. "బాల్చీ తన్నేశాడు" అన్న పలుకుబడి ఆ ఇంగ్లీషు జాతీయానికి నకలే. తమాషా ఏమిటంటే బాల్చీ అన్న పదం కూడా మనది కాదు. పోర్చుగీసు వారి "బాల్దె" నుంచి వచ్చిందంటారు. పోర్చుగీసు పాత్రను ఇంగ్లీషు కాలితో తన్ని తెలుగువాడు పోయాడు! ఈ మాట వాడుకలో ఉన్నది కదా అని సంతాప వాక్యంలో రాస్తే మాత్రం అపచారం. ఇంగ్లీషులో లాగే ఇదీ పరిహాసపు మాట. మరణాన్ని చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని అంతరువులు గమనించదగినవి. గౌరవంగా చెప్పాలంటే కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు, శివైక్యం చెందారు. వేళాకోళంగా అయితే టపా కట్టాడు, హరీమన్నాడు. జాలి, వేదాంతం కలిస్తే "నూకలు చెల్లాయి." ఈ భూమి మీద తినవలసిన గింజలు అయిపోయాయన్న ఆ మాటలో వరి, సోల, గంజి, పేదరికం అన్నీ ఉన్నాయి. కనుక "ది ఓల్డ్ ఫార్మర్ కిక్డ్ ద బకెట్" అన్నదానికి తెలుగు రాయడానికి ముందు, కథకుడు ఆ రైతును చూసి నవ్వుతున్నాడా, జాలిపడుతున్నాడా అని చూడాలి. జాతీయం అర్థం తెలియడం సగం పని. దాని స్వరం తెలియడం మిగతా సగం.

అనువాద ప్రశ్నకు సమాధానం రాసేటప్పుడు ఇంగ్లీషు జాతీయం ఎదురైతే ముందు దాని భావాన్ని మామూలు మాటలలో చెప్పుకోవాలి. ఆ భావం, ఆ స్వరం గల తెలుగు జాతీయం తోస్తే దానిని వాడాలి. తోచకపోతే మామూలు మాటలలోనే రాయడం మంచిది. "స్పిల్ ద బీన్స్" అన్నదానికి "చిక్కుడు గింజలు ఒలకబోయు" అని రాసేకంటె "గుట్టు బయటపెట్టు" అంటే నిండుగా ఉంటుంది. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోత వాన. "టీచ్ యువర్ గ్రాండ్‌మదర్ టు సక్ ఎగ్స్" అంటే తాతకు దగ్గులు నేర్పడం. ఇవి అందరికీ తెలిసినవే.

ఈ తెలుగు జాతీయాలు విద్యార్థికి ఎక్కడ దొరకాలి? 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులో, 1868లో కెప్టెన్ కార్ ప్రకటించిన సామెతల సంకలనంలో, నాళం కృష్ణారావు కూర్చిన "తెలుగు జాతీయములు"లో ఎన్నో ఉన్నాయి. అవి గ్రంథాలయాలలో ఉండవచ్చు. అంతకంటె దగ్గర, ఇంట్లో తాత అవ్వల నోట ఉన్నాయి. పొయ్యి వెలిగించడానికి గింజ లేదని చెప్పవలసి వస్తే "పొయ్యిల పిల్లి లేవలే" అంటుంది అవ్వ. పొయ్యి వెలగని ఇంట్లో పిల్లి వెచ్చని బూడిదలో పడుకొని లేవలేదని దానిలోని చిత్రం. ఇటువంటి వాక్యాన్ని మొరటు మాటగా ఎంచి, పుస్తకాల భాష కాదని చిన్నబుచ్చుకొనే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఇంగ్లీషు పుస్తకంలో అటువంటి మాట కనిపిస్తే వారే గీత గీసి, అర్థం రాసుకొని కంఠస్థం చేస్తారు. ఇప్పుడు కట్టెల పొయ్యిలు తగ్గాయి. పుట్టిలో నది దాటినవారు అరుదు. గుదిబండ కట్టిన పశువును చూసినవారు తరగతిలో ఒకరిద్దరు ఉంటే గొప్ప. వస్తువు కనుమరుగైన తరువాత ఆ మాటకు చిత్రాన్ని చెప్పగలవారు ఆ పెద్దలే. వారిని అడిగి రాసుకోవడానికి మనకున్న వ్యవధి వారి ఆయుష్షు పాటిదే.

చివరగా ఒక కఠినమైన ఉదాహరణ. ధర్మపురి ఆలయ ప్రాంగణంలో యమధర్మరాజుకు ప్రత్యేకంగా గుడి ఉంది. అందువల్ల "ధర్మపురికి వస్తే యమపురి ఉండదు" అన్న నానుడి పుట్టింది. దీనిని ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే ఏమి చేయాలి? పురికి పురికి ఉన్న ప్రాస ఒకటి పోతుంది. యముని మరొక పేరే ధర్ముడు కాబట్టి రెండు పురాలూ ఒకే దేవునివన్న చమత్కారం పోతుంది. యమపురి అంటే నరక భయమని కథ చెప్పనిదే తెలియదు. ఇంగ్లీషులో దీనికి సరితూగే జాతీయం లేదు. ఇక్కడ అనువాదకుడు భావాన్ని ఒక వాక్యంలో రాసి, రెండు ఊళ్ళ పేర్లను అట్లాగే ఉంచి, గుడిలోని యముని గూర్చి మరొక వాక్యం చేర్చక తప్పదు. "బ్లూ మూన్" తెలుగు చేయబోయినప్పుడు అధికమాసం లెక్క చెప్పుకోవలసి వచ్చినట్లే.